సోల, తవ్వ కొలతల్ని గ్రాముల్లోకి మార్చడం ఎలా? ఆవకాయ రోజుల్లోపు తేల్చుకోవాలి

అమలాపురం_కోడలు

అందరికీ నమస్కారమండీ. మా అత్తగారి దగ్గర ఒక పాత నోటు పుస్తకం ఉంది. ఆవిడ కాపురానికి వచ్చిన కొత్తలో వాళ్ల అత్తగారు చెబుతుంటే రాసుకున్నదట. ఆవకాయ, మాగాయ, అరిసెలు, సున్నుండలు, దిబ్బరొట్టె, అన్నీ ఉన్నాయి అందులో. కొలతలు మాత్రం గిద్ద, సోల, తవ్వ, మానిక. బెల్లం దగ్గరకొచ్చేసరికి అరవీశె, పదలం అని రాసి ఉంది.

మా ఆడపడుచు బెంగళూరులో ఉంటుంది. తన దగ్గర సోలా లేదు, తవ్వా లేదు. డిజిటల్ కాటా ఉంది. "వదినా, అన్నీ గ్రాముల్లోకి మార్చి పంపించు" అంటోంది. నెట్‌లో వెతికితే ఒకరు ఒక అంకె చెబుతారు, ఇంకొకరు ఇంకోటి. ఒక సోల అంటే గ్రాముల్లో ఎంతో ఖచ్చితంగా తెలిసినవాళ్లు చెప్పండి. ఆవకాయ రోజులు దగ్గరపడుతున్నాయి, తప్పు అంకె పంపితే తన పచ్చడి పాడవుతుందని టెన్షన్‌గా ఉంది.

పాలకొల్లు_పిన్ని

అమ్మాయ్, ముందు వరుస రాసుకో. రెండు గిద్దలు ఒక అరసోల. రెండు అరసోలలు సోల. రెండు సోలలు తవ్వ. రెండు తవ్వలు మానిక. రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం. అంటే మానికకి నాలుగు సోలలు, కుంచానికి పదహారు. మీ పుస్తకంలో ఏ కొలత కనిపించినా సోలల్లోకి దించేసుకోవచ్చు.

ఈ వరుస దగ్గర ఎవరికీ పేచీ లేదు. అసలు సోల ఎంత అన్నదగ్గరే ఊరికో మాట. మా పుట్టింటి సోల, మెట్టినింటి సోల పక్కపక్కన పెడితే కంటికే తేడా తెలిసిపోతుంది. అందుకని నెట్‌లో దొరికిన అంకె పంపకు. మీ ఇంట్లో ఉన్న సోలనే తూచి చూడు. ఆ పుస్తకం ఆ సోలతో రాసిందే కదా, వేరేవాళ్ల సోలతో మీకేం పని.

కాకినాడ_కెమిస్ట్రీ

పిన్నిగారు చెప్పినదానికి ఒక మాట కలుపుతాను. "సోల అంటే ఎన్ని గ్రాములు" అని అడిగితే జవాబు ఉండదండి. "సోల బియ్యం ఎన్ని గ్రాములు, సోల కారం ఎన్ని గ్రాములు" అని విడివిడిగా అడగాలి. సోల చెప్పేది సరుకు ఎంత చోటు పడుతుందో. ఆ చోటులో ఎంత బరువు ఇముడుతుందన్నది సరుకును బట్టి మారుతుంది.

మామూలు 200 మి.లీ. గ్లాసు తీసుకోండి. నీళ్లయితే 200 గ్రాములు. నూనె 184. పాలు 206. తేనె 280 దాటుతుంది. మెత్తటి ఉప్పు 240 దాకా వస్తుంది. బియ్యం 165 ప్రాంతంలో ఉంటాయి. మైదా చెంచాతో వదులుగా వేస్తే 105, గ్లాసునే పిండిలో ముంచి తీస్తే 125 అయినా అవుతుంది. కారం 90, 95 అంతే. అంటే అదే గ్లాసులో ఉప్పు బరువు కారానికి రెండున్నర రెట్లు. ఒకే అంకెతో అన్నిటినీ మార్చేస్తే ఇక్కడే దెబ్బతింటాం.

పద్ధతి తేలికే. కాటా మీద ఖాళీ సోల పెట్టి సున్నా చేయండి. అంచు దాకా నీళ్లు పోయండి. కనిపించిన గ్రాములే ఆ సోల పట్టే మిల్లీలీటర్లు. ఆ తర్వాత సోలను తుడిచి బాగా ఆరనిచ్చి (తడి ఉంటే పిండి లోపల అంటుకుపోతుంది) ఒక్కో సరుకూ నింపి తూచుకుంటూ రాసుకోండి.

కాటా మీద అనుమానం ఉంటే పది రూపాయల బిళ్లలు పది పెట్టి చూడండి. ఒక్కోటి సుమారు 7.7 గ్రాములు, మొత్తం 77కి అటూఇటూ చూపించాలి. 70 చూపించినా, 85 చూపించినా ఆ కాటాని నమ్మొద్దు.

ముక్కామల_మామయ్య

బెల్లం సంగతి నేను చెబుతాను. అరవీశె, పదలం ఇవి కొలపాత్రలు కాదమ్మా, తూనికలే. అందుకే వాటిని మార్చడానికి ఏ సరుకని అడగక్కర్లేదు. మూడు తులాలు ఒక పలం. ఐదు పలాలు ఏబులం, పది పలాలు పదలం, నలభై పలాలు వీశె. ఎనిమిది వీశెలు మణుగు. తులం 11.66 గ్రాములు కాబట్టి పలం 35 గ్రాములు. పదలం 350. అరవీశె 700. వీశె 1,400 గ్రాములు.

కొత్త తూనికల చట్టం 1956లో వచ్చింది, 1958 అక్టోబరు నుంచి అమలు మొదలైంది. కానీ ఇళ్లల్లో వీశెలు, పదలాలు అంత తొందరగా పోలేదు. మా చిన్నప్పుడు కొట్టులో కిలోరాయి పెట్టి తూచేవాళ్లు, ఇంటికొచ్చాక మా నాయనమ్మ మళ్లీ పలాల్లో లెక్క చెప్పేది.

పాతవాళ్లు బెల్లాన్ని తూకంలో ఎందుకు రాశారో కూడా ఆలోచించండి. దిమ్మ బెల్లాన్ని సోలలో ఎలా కొలుస్తాం? పెద్ద ముక్కలు వేస్తే మధ్యలో సందులే, దంచి అదిమితే దాదాపు రెట్టింపు పడుతుంది. వాళ్లకి ఏది కొలవాలో ఏది తూచాలో బాగా తెలుసు.

తణుకు_తమ్ముడు

ఇదే సబ్జెక్టు కాబట్టి నా సందేహం కూడా ఇక్కడే అడుగుతున్నాను. ఎవరిని అడిగినా ఒకటికి రెండు నీళ్లు అంటారు. కాటా కొన్నాక 500 గ్రాముల బియ్యానికి లీటరు నీళ్లు పోస్తున్నాను. అన్నం పలుకుగా ఉండిపోతోంది. గ్లాసుతో కొలిస్తే మాత్రం బాగానే వస్తోంది. బియ్యం మాత్రం రెండుసార్లూ ఒక్కటే, పాత స్వర్ణ.

కాకినాడ_కెమిస్ట్రీ

తమ్ముడూ, "ఒకటికి రెండు" అన్నది గ్లాసు లెక్క. నువ్వు దాన్ని తూకం లెక్కగా మార్చేశావు. 500 గ్రాముల బియ్యం పట్టే చోటు సుమారు 610 మి.లీ. దానికి రెండింతలంటే లీటరూ పావుకి కాస్త తక్కువ, 1,220 మి.లీ. నువ్వు లీటరే పోస్తున్నావు కాబట్టి నీ లెక్క ఒకటికి ఒకటిన్నర కంటే కొంచెం ఎక్కువ, అంతే. పాత బియ్యానికి అది చాలదు. తూకంలో పెట్టుకోవాలంటే కిలో బియ్యానికి 2,400 గ్రాముల నీళ్లు అని గుర్తుపెట్టుకో. కొత్త బియ్యమైతే తగ్గించాలి, అది మీ కుక్కర్‌ని బట్టి నువ్వే చూసుకోవాలి.

ఇంకో సంగతి. ఎలక్ట్రిక్ రైస్ కుక్కర్‌తో ఇచ్చే కప్పు చాలావాటికి 180 మి.లీ. వంటల వీడియోల్లో చెప్పే కప్పు 240. కుక్కర్ గిన్నె మీద గీతలు ఆ 180 కప్పుకు పెట్టినవి. ఈ కప్పుతో బియ్యం, ఆ గీతతో నీళ్లు అయితే పర్వాలేదు. వేరే కప్పుతో బియ్యం పోసి గీత దాకా నీళ్లు పోస్తే తేడా వస్తుంది.

మండపేట_వంటమేస్త్రి

పెళ్లి వంటలు చేసేవాణ్ణి కాబట్టి చెబుతున్నానండి. ఈ ఒకటికి రెండు లెక్క ఇంటి గిన్నె వరకే. పది కిలోల బియ్యానికి ఆ లెక్కన పాతిక లీటర్లు పోసి ఇగరబెట్టారంటే అడుగున ముద్దైపోతుంది. పెద్ద డేగిసాలో ఆవిరి కింద పోయే నీళ్ల వాటా తక్కువ, వేడి ఎక్కువసేపు నిలబడుతుంది. అందుకే మేము నీళ్లు నిండా పోసి గంజి వారుస్తాం. వార్చే అన్నానికి నీళ్ల కొలతే అక్కర్లేదు, పలుకు పట్టుకుని చూసే చెయ్యి కావాలి.

మా దగ్గర కిరాణా చీటీ అంతా కిలోల్లో రాస్తాం. పొయ్యి దగ్గరకొచ్చాక బకెట్లు, గరిటెలు. కానీ ఉప్పు మాత్రం నేను ఎంత పెద్ద వంటైనా తూచే వేయిస్తాను. పులిహోరకి కల్లుప్పు ఒకసారి, మెత్తుప్పు ఒకసారి తెస్తారు. అదే గరిటెతో రెండూ వేస్తే రుచి ఒకటి కాదు.

అమలాపురం_కోడలు

మీ అందరికీ ఎంతో ధన్యవాదాలు. కెమిస్ట్రీగారు చెప్పినట్టే చేశాను. మా సోలలో 310 గ్రాముల నీళ్లు పట్టాయి. కాటాని బిళ్లలతో చూసుకున్నాను, సరిగ్గానే ఉంది. అన్నీ అంచుకి సమానంగా ఉండేలా పైన చేత్తో రాసేసి తూచాను.

బియ్యం 255. మినపప్పు 262. పంచదార 260. ఇడ్లీ రవ్వ 225. మైదా 170. కారం 145. ఆవపొడి 140. పప్పునూనె 285. ఉప్పు మూడు రకాలు తూచాను, ప్యాకెట్ మెత్తుప్పు 370, ఎండబెట్టి దంచిన కల్లుప్పు 340, దంచని కల్లుప్పు 300. ఒకే ఉప్పుకి ఇంత తేడా వస్తుందని అనుకోలేదు.

ఇవి పంపించేయొచ్చా?

పాలకొల్లు_పిన్ని

ఆగు తల్లీ. చేత్తో రాసేసి తూచానన్నావు. మీ అత్తగారు అలాగే కొలుస్తారా? మా ఇంట్లో బియ్యం, పప్పు ఎప్పుడూ గోపురంగా పోస్తారు. ఇంకా నిలవదు అనేదాకా పోస్తారు. ఎవరికైనా ఇచ్చేటప్పుడైతే మరీను. ఆవిణ్ణి అడుగు.

కాకినాడ_కెమిస్ట్రీ

చాలా మంచి ప్రశ్న. గోపురం తేడా చిన్నదేం కాదు. బియ్యం గోపురంగా నిలబడితే ఆ గోపురంలో పట్టేది సోలలో ఎనిమిదో వంతు దాకా ఉంటుంది. మూతి ఎంత వెడల్పైతే గోపురం అంత పెద్దది. అదే 310 మి.లీ. పట్టే ఇరుకు మూతి గ్లాసు అయితే గోపురం దాదాపు లెక్కలోకి రాదు. అందుకే మానికను నాలుగు సోలలుగా లెక్కేసి సరిపెట్టుకోకుండా మానికను కూడా విడిగా తూస్తే మంచిది.

అమలాపురం_కోడలు

అత్తయ్యగారిని అడిగాను. పిన్నిగారి మాట అక్షరాలా నిజం. బియ్యం, పప్పులు, మామిడి ముక్కలు గోపురంగా పోస్తారట. ఉప్పు, కారం, ఆవపొడి మాత్రం చేత్తో రాసి కొలుస్తారట. "ఉప్పు గోపురంగా పోసేవాళ్లని ఎక్కడైనా చూశావా?" అన్నారు. పుస్తకంలో ఈ విషయం ఎక్కడా రాయలేదు, ఆవిడకి రాయాల్సిన అవసరం లేదు కదా.

మళ్లీ తూచాను. గోపురంగా పోస్తే సోల బియ్యం 288. మానికతోనే విడిగా పోసి చూస్తే 1,150 వచ్చింది. రెండు లెక్కలూ బాగానే కలిశాయి.

గోదారి_గట్టు

చదువుతుంటే బాధగా ఉందండి. మన ఆడవాళ్లు ఏ కాటా లేకుండా తరాల తరబడి వండారు. చేతికి తెలుస్తుంది, కంటికి తెలుస్తుంది. మా అమ్మ పిండి వేళ్ల మధ్య నలిపి చూసి పాకం దించేది. అదంతా అంకెల్లోకి కుదించేస్తే ఆ చెయ్యి పిల్లలకి ఎలా వస్తుంది?

రాజోలు_రుచులు

గట్టుగారూ, మీ బాధ నాకు అర్థమైంది. కానీ ఆ చెయ్యి రావాలంటే పక్కన నిలబడి చూడాలి కదండి. అమలాపురంలో అత్తగారి పక్కన ఉన్న కోడలికి వస్తుంది. బెంగళూరులో ఉన్న కూతురికి ఎలా వస్తుంది? తనకి మొదటిసారి పచ్చడి పాడవకుండా ఉండటానికి అంకె కావాలి. నాలుగైదేళ్లు పెట్టాక తన చెయ్యి తనకి వస్తుంది. పాకం ఎన్ని గ్రాములో ఎవరూ చెప్పలేరు, అది నీళ్లలో వేసి ఉండ చూడాల్సిందే. కానీ ఉప్పు ఎంతో చెప్పొచ్చు, చెప్పాలి కూడా.

ఇప్పుడు అసలు సంగతికొస్తాను, ఎందుకంటే ఈ చర్చలో ప్రమాదం ఉన్నది ఆవకాయ దగ్గరే. మన వైపు చాలా ఇళ్లల్లో లెక్క ఒకటే. మానిక ముక్కలకి సోల కారం, సోల ఆవపొడి, అరసోల ఉప్పు, సోల నూనె. మీ పుస్తకంలో కూడా ఇదే ఉండి ఉంటుంది. చూసి చెప్పండి.

మా ఇంటి పక్కావిడ ఈ లెక్కనే తూకంలో పెట్టింది. కిలో ముక్కలు, పావుకిలో కారం, పావుకిలో ఆవపొడి, సగం కదా అని 125 గ్రాముల ఉప్పు. చూడ్డానికి ఎంత పద్ధతిగా ఉందో. మూడో వారానికే పైన తెల్లగా బూజు కట్టింది. ఊట కూడా సరిగ్గా దిగలేదు. ఆవిడ ముక్కలు తడిగా ఉన్నాయనుకుంది, జాడీ బాగా తుడవలేదనుకుంది. ఉప్పు సగానికి సగం తగ్గిందని ఎవరికీ తట్టలేదు.

మన కోడలిగారి అంకెలే చూడండి. సోల కారం 145 గ్రాములు. అరసోల దంచిన ఉప్పు 170 గ్రాములు. కొలతలో సగం ఉన్న ఉప్పు తూకంలో కారం కంటే ఎక్కువ.

అమలాపురం_కోడలు

పుస్తకంలో సరిగ్గా అదే లెక్క ఉందండి. రాజోలుగారు చెప్పకపోతే నేను కూడా సగం అనే పెట్టేదాన్నేమో. మామిడి ముక్కలు ఇప్పుడే దొరికాయి. టెంకతో కొట్టించిన మామూలు ఆవకాయ ముక్క, మానిక నిండుగా పోస్తే 700 గ్రాములు వచ్చాయి.

అంటే 700 గ్రాముల ముక్కలకి కారం 145, ఆవపొడి 140, ఉప్పు 170, నూనె 285. దీన్ని కిలోకి లెక్కేయడంలో ఎవరైనా సాయం చేస్తారా?

కాకినాడ_కెమిస్ట్రీ

ఒక్కోదాన్నీ 0.7తో భాగించండి. కిలో ముక్కలకి కారం 205, ఆవపొడి 200, ఉప్పు 240, నూనె 410 గ్రాములు. మొత్తం పచ్చడి రెండు కిలోల పైచిలుకు అవుతుంది, అందులో ఉప్పు పన్నెండు శాతం దగ్గర పడుతుంది. నిల్వ ఉండేది ఈ ఉప్పు వల్లే, పైన తేలే నూనె దానికి తోడు.

మీ ఆడపడుచుగారు ప్యాకెట్ ఉప్పు వాడినా, కల్లుప్పు దంచినా 240 గ్రాములే. తూకంలోకి వచ్చాక రకం తేడా దాదాపు పోతుంది. ఒక్క జాగ్రత్త, కల్లుప్పులో చెమ్మ ఉంటుంది. ఎండబెట్టకుండా తూస్తే ఆ చెమ్మ కూడా బరువులో కలుస్తుంది. ఎండలో పెట్టి, దంచి, అప్పుడు తూయమనండి.

రాజోలు_రుచులు

ముక్క సైజు కూడా రాసి పంపండి. పెద్ద ముక్కైతే మానికలో సందులు ఎక్కువ, తక్కువ బరువు పడుతుంది. మీరు తూకంలో పంపుతున్నారు కాబట్టి ఆ ఇబ్బంది తనకి ఉండదు. కానీ చిన్న ముక్క ఊట ఎక్కువ దింపుతుంది, త్వరగా మెత్తబడుతుంది. అది కొలతతో పోయేది కాదు.

మెంతులు, పసుపు గ్రాముల్లోకి మార్చకండి. చెంచాల్లోనే ఉంచండి.

భీమవరం_బేకింగ్

రాజోలుగారి చివరి మాట దగ్గర నేను కూడా ఒకటి చెబుతాను. ఇంట్లో కేకులు చేసి అమ్ముతాను, రోజూ కాటాతోనే పని. ఇంటి కాటాలు ఒక్కో గ్రాము చొప్పున చూపిస్తాయి. మూడు గ్రాముల పసుపు తూయబోతే అది రెండూ చూపించొచ్చు, నాలుగూ చూపించొచ్చు. కొన్ని కాటాలు చిటికెడు చిటికెడు వేస్తుంటే అసలు కదలవు. ఐదు గ్రాముల లోపు ఏదైనా కొలిచే చెంచానే మేలు. చెంచా 5 మి.లీ., పెద్ద చెంచా 15. చెంచా మెత్తుప్పు 6 గ్రాములు, పసుపు 3, కారం రెండున్నర. అంకె తప్పకుండా కావాలంటే పది చెంచాలు వేసి తూచి పదితో భాగించుకోండి.

విదేశీ వంటల పుస్తకాలు చూసేవాళ్లకి ఇంకో మాట. అమెరికా కప్పు 240 మి.లీ., ఆస్ట్రేలియా కప్పు 250. ఆస్ట్రేలియా పెద్ద చెంచా 20 మి.లీ., మిగతాచోట్ల 15. అన్నీ ఒకే కప్పుతో కొలిస్తే కప్పు ఏదైనా పర్వాలేదు అంటారు కదా, గుడ్లు, బేకింగ్ సోడా ఉన్న వంటకి అది కుదరదు. గుడ్డు మీ కప్పుతో పాటు పెరగదు, తరగదు.

నేనైతే మైదా ఎప్పుడూ తూకంలోనే తీసుకుంటాను. కప్పు మైదా అంటే నేను 125 గ్రాములు తీసుకుంటాను. అదే కప్పుని డబ్బాలో ముంచి తట్టి తీస్తే 150 వస్తుంది. కేకు గట్టిపడటానికి ఆ పాతిక గ్రాములు చాలు.

తణుకు_తమ్ముడు

కెమిస్ట్రీగారూ, 1,200 పోశాను. అన్నం బ్రహ్మాండంగా వచ్చింది. థ్యాంక్సండి.

లంక_కొబ్బరి

నేను అడగాలనుకున్నది పచ్చికొబ్బరి గురించి. మా వైపు అంతా చిప్ప లెక్క. రెండు చిప్పల కొబ్బరి, చిప్పెడు బెల్లం అని చెబుతాం. ఊరు దాటి ఉన్నవాళ్లకి కప్పుల్లో చెబితే ఎవరికీ సరిగ్గా రావట్లేదు.

పాలకొల్లు_పిన్ని

కొబ్బరి కప్పుల్లో చెప్పకూడదు నాయనా. కోరు వదులుగా ఉంటే ఒక లెక్క, వేలితో నొక్కితే ఇంకో లెక్క. మిక్సీలో వేసిన కోరు వేరు, కత్తిపీట మీద కోరింది వేరు. కాయ సైజు కూడా ఒక్కలా ఉండదు. కోరి తూయడమే. లస్కోరా ఉండలకి నేను కొబ్బరి ఎంత తూగితే దానికి ముప్పావు వంతు బెల్లం వేస్తాను. తీపి తక్కువ తినేవాళ్లు సగం.

ముక్కామల_మామయ్య

కోడలమ్మా, అరిసెల లెక్క మర్చిపోకండి. పుస్తకంలో ఏముంది?

అమలాపురం_కోడలు

మానిక బియ్యానికి అరవీశె బెల్లం అని ఉంది మామయ్యగారూ. మీ లెక్క ప్రకారం 1,150 గ్రాముల బియ్యానికి 700 గ్రాముల బెల్లం. కిలోకి అయితే 610. ఇక్కడ నాకొక సందేహం. మా ఆడపడుచు తడిపిండి కొట్టులో పట్టించి తెచ్చుకుంటుంది. ఆ పిండిని తూచి దానికి బెల్లం లెక్కేసుకోవచ్చా?

మండపేట_వంటమేస్త్రి

వద్దండి. ఎప్పుడూ నానబెట్టకముందు బియ్యం తూయాలి. రాత్రంతా నానిన బియ్యం వడేసి ఆరబోసినా లోపల నీళ్లుంటాయి. కిలో బియ్యం కిలోంబావు అవుతుంది. మీ మానిక బియ్యం 1,150 కాస్తా 1,430 దాకా తూగుతుంది. ఆ బరువుకి కిలోకి 610 లెక్కన బెల్లం వేస్తే 870 గ్రాములు పడుతుంది. 170 గ్రాముల బెల్లం ఎక్కువైతే అరిసె నూనెలో వేయగానే విచ్చుకుపోతుంది.

పట్టించిన పిండిని సోలతో కొలవడం అంతకంటే ఇబ్బంది. తడిపిండి గుల్లగా ఉంటుంది, జల్లిస్తే ఇంకా పొంగుతుంది. అలా కొలిస్తే ఎక్కువ పిండి ఉన్నట్టు కనిపిస్తుంది.

కొట్టులో పిండి కొనేవాళ్లయితే, ఎన్ని కిలోల బియ్యం నానబోశారో అడిగి ఆ లెక్క తీసుకోమనండి. అది తెలియకపోతే పిండి తూకాన్ని 1.25తో భాగించుకుంటే బియ్యం లెక్క దగ్గరదగ్గరగా వస్తుంది. బెల్లం పాకంలో పిండి మొత్తం ఒక్కసారి పోయకుండా కొంచెం పక్కన ఉంచుకోవాలి. పాకం ఎంత పిండి లాగుతుందో పాకాన్ని బట్టే ఉంటుంది, దాన్ని ఏ కాటా చెప్పదు.

పాలకొల్లు_పిన్ని

సున్నుండలకి కూడా ఇదే మాట. మినపప్పు వేయించకముందు తూచుకో. విసిరాక పిండి సోలలు ఎక్కువ కనిపిస్తాయి. ఆ సోలలకి సరిసమానంగా బెల్లం వేస్తే నోట్లో మినప వాసనే రాదు, తీపి ముద్ద అవుతుంది. పంచదారతో చేసుకునేవాళ్లు కూడా పంచదార పొడి కొట్టకముందు తూచుకోవాలి. పొడి చేశాక అదే బరువు చాలా ఎక్కువ చోటు పడుతుంది.

గోదారి_గట్టు

ఇప్పుడు చదివితే నాకూ నచ్చింది. ఏది తూచాలో, ఏది చేతికి వదిలెయ్యాలో మీరు విడదీసి చెబుతున్నారు. కోడలిగారూ, దిబ్బరొట్టెకి కూడా అంకె రాయండి. మా అబ్బాయి హాస్టల్ నుంచి రూముకి మారాడు, మూకుడు కొనుక్కున్నాడు.

అమలాపురం_కోడలు

పుస్తకంలో సోల మినపప్పుకి రెండు సోలల రవ్వ అని ఉందండి. ఇక్కడ ఒక్క తిరకాసు. పప్పు 262, రెండు సోలల రవ్వ 450. తూకంలో ఒకటికి రెండని 262కి 524 వేస్తే రవ్వ ఎక్కువైపోయి రొట్టె గట్టిగా వస్తుంది. అత్తయ్యగారు దీనికి రెండూ చేత్తో రాసే కొలుస్తారు, కాబట్టి గోపురం లెక్క లేదు. మీ అబ్బాయికి 260 పప్పు, 450 రవ్వ అని చెప్పండి. ఇద్దరు ముగ్గురికి రెండు పూటలు వస్తుంది. సన్నమంట, మూత, అడుగు ఎర్రబడేదాకా కదపకూడదు.

మా ఆడపడుచుకి ఆవకాయ, అరిసెలు, దిబ్బరొట్టె మూడూ రాసి పంపించేశాను. ప్రతిదాని పక్కన పాత కొలత కూడా ఉంచాను, సోల, మానిక అని. పైన మా సోల 310 మి.లీ. అని రాశాను. రేపు వాళ్ల పిల్లలు అడిగినా లెక్క తేలుతుంది. తను ఒక్కటే తిరిగి అడిగింది. కిలోన్నర ముక్కలు పెడుతుందట, నూనె తూయడం ఇష్టం లేదట, ప్యాకెట్‌లో ఎంత పోయాలో చెప్పమంది.

కాకినాడ_కెమిస్ట్రీ

కిలోన్నరకి 615 గ్రాములు. లీటరు నూనె ప్యాకెట్ మీద చూస్తే 910 గ్రాములని రాసి ఉంటుంది. కిలో కాదు. కాబట్టి ప్యాకెట్‌లో మూడింట రెండు వంతులు.

రాజోలు_రుచులు

అందులో కూడా సగం మొదటిరోజు కలపమనండి. మూడోరోజు తిరగకలిపాక మిగతాది పోస్తే ముక్క ఎంత పీల్చిందో తెలుస్తుంది. నూనె పైన వేలు మందాన తేలకపోతే ప్యాకెట్‌లో మిగిలింది కూడా పోసేయమనండి. ఉప్పు దగ్గర మాత్రం 360 గ్రాములు తూచి పక్కన పెట్టుకుని, మొత్తం మొదటిరోజే వేయమనండి.